ఛాయాచిత్రానికి చిక్కిన బందిపోటు

డిసెంబరు, జనవరి మాసాలలో క్వాజులు-నాటాల్ రాష్ట్రంలోని ఏ అభయారణ్యానికి వెళ్ళినా మనవారి కెమెరాలన్నీ ఏనుగుల వైపు, ఖడ్గమృగాల వైపు, అదృష్టం బాగుంటే సింహాల వైపు తిరిగి ఉంటాయి. అది సహజమే. అయితే విశ్రాంతి స్థలంలో కారు ఆపి, ఫ్లాస్కులోని టీ పోసుకుంటూ పక్కనున్న కంచె తీగను కాస్త పరికించి చూసినవారికి మరొక వేటగాడు కనిపించవచ్చు. అంగుళం పొడవున సన్నని ఉదరం, గూని వీపు, ముళ్ళతో నిండిన కాళ్ళు, ముఖాన ఒక గుబురు మీసం. అది తీగ చివర కూర్చొని తలను మాత్రమే అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది. దారిన పోతున్న తేనెటీగ మీదికి ఒక్క ఉదుటున లంఘించి, గాలిలోనే ఒడిసిపట్టి, మళ్ళీ వచ్చి అదే తీగమీద వాలుతుంది. చేతిలో కెమెరా ఉన్నవారు ఆ దృశ్యాన్ని తీయకుండా ఉండలేరు. తీసిన తరువాత, ఇంటికి వచ్చి చూసుకుంటూ, ఇది ఏమిటి అని అడగకుండానూ ఉండలేరు. ఆ ప్రశ్నకు ఒక ఛాయాచిత్రం ఎంతవరకు సమాధానం చెప్పగలదో, ఎక్కడ దాని శక్తి చాలదో వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా తెలుగు పేరు. ఆంగ్లంలో దీనిని రాబర్ ఫ్లై అంటారు, కొందరు అసాసిన్ ఫ్లై అనీ అంటారు. మనకు దొంగ ఈగ అన్న మాట వెంటనే తోస్తుంది గాని, దొంగ చీకటిమాటున వచ్చి చడీచప్పుడు లేకుండా పోతాడు. ఈ ఈగ పట్టపగలు, మండుటెండలో, అందరూ చూస్తూండగా దాడి చేస్తుంది. కనుక బందిపోటు ఈగ అనటం సమంజసమని నా అభిప్రాయం. శాస్త్రజ్ఞులు ఈ కుటుంబానికి పెట్టిన పేరు అసిలిడే. అసిలస్ అనేది పశువులను వేధించే జోరీగకు ప్రాచీన రోమనులు వాడిన మాట. లినేయస్ 1758లో దానిని ఈ ఈగలకు తగిలించాడు. పేరు ఏమైనా ఈ ఈగ పశువుల జోలికి పోదు, మనుషుల జోలికి అంతకన్నా పోదు. చేతితో పట్టుకుంటే మాత్రం గట్టిగానే పొడుస్తుంది.

పేర్ల విషయం వచ్చింది కనుక మరొక్క మాట. జీవశాస్త్రంలో ప్రతి ప్రాణికీ రెండు మాటల పేరు ఉంటుంది. మొదటిది ప్రజాతి, రెండవది జాతి. ఇది మన తెలుగువారి పద్ధతే. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత. పరదేశాలలో దరఖాస్తు పత్రాలు నింపేటప్పుడు ఇంటిపేరును చివరికి నెట్టవలసి వచ్చిన ప్రతిసారీ విసుక్కునే మనకు లినేయస్ పద్ధతి సొంత ఇల్లులా తోచాలి. ఛాయాచిత్రాన్ని చూసి బందిపోటు ఈగను గుర్తించటమంటే దాదాపుగా ఇదే: చాలాసార్లు ఇంటిపేరు చెప్పగలం, పెట్టిన పేరు చెప్పలేం. ఎందుకు చెప్పలేమో తెలియాలంటే ముందు ఇంటిపేరు ఎలా చెబుతామో చూడాలి.

ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో సుమారు 7,500 జాతులకు శాస్త్రీయ నామాలు ఉన్నాయి. సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికాలోనే పదిహేను వందల పైచిలుకు జాతులు ఉన్నాయి. కొన్ని మిల్లీమీటర్ల పొడవున్నవి మొదలుకొని అయిదు సెంటీమీటర్లు దాటినవాటి వరకు, గడ్డిపరక వంటి సన్నని వాటి నుండి బొద్దుగా బొచ్చుతో తుమ్మెదలా ఉండేవాటి వరకు అన్ని ఆకారాలవీ ఉన్నాయి. అయినా కుటుంబమంతటికీ ఉమ్మడిగా కొన్ని పోలికలు ఉన్నాయి. ఎదురుగా తీసిన చిత్రంలో చూడండి. రెండు పెద్ద సంయుక్త నేత్రాల నడుమ నడినెత్తి భాగం లోయలా కిందికి దిగి ఉంటుంది. ఆ లోయలో చిన్న దిబ్బమీద మూడు సరళ నేత్రాలు ఉంటాయి. ముఖంమీద నోటికి పైన బిరుసు వెంట్రుకల మీసం ఉంటుంది. దీనిని మిస్టాక్స్ అంటారు, గ్రీకు భాషలో మీసమనే అర్థం. పెనుగులాడే ఎర కాళ్ళనుండి, కొండీలనుండి ముఖాన్ని ఈ మీసం కాపాడుతుందని భావిస్తారు. మీసం కింద ముందుకు పొడుచుకువచ్చిన గట్టి తొండం ఉంటుంది. ఎర మెడ దగ్గరో, కంటిలోనో, ఉదర ఖండితాల నడుమనో మెత్తని చోటు చూసి దానిని గుచ్చి, లాలాజలాన్ని లోపలికి పంపుతుంది. ఆ లాలాజలం ఎరను క్షణాలలో స్తంభింపజేస్తుంది, లోపలి కండరాలను కరిగిస్తుంది. ఆ ద్రవాన్ని పీల్చుకొని, ఖాళీ డొల్లను కింద పడవేస్తుంది.

నడినెత్తి లోయ, మీసం, గుచ్చే తొండం — ఈ మూడూ చిత్రంలో కనిపిస్తే కుటుంబం విషయంలో సందేహం ఉండదు. కనిపించకపోతేనే చిక్కు. మైడిడే కుటుంబపు ఈగలు ఆకారంలో వీటికి దగ్గరగా ఉంటాయి, కాని వాటి స్పర్శశృంగాలు పొడవుగా, చివర గదలా ఉబ్బి ఉంటాయి. థెరెవిడే కుటుంబపు ఈగలకు సన్నని ఉదరం ఉన్నా నెత్తిమీద లోయ ఉండదు. బాంబిలిడే కుటుంబపువి బొచ్చుతో, కొన్ని పొడవైన తొండంతో ఉంటాయి గాని ఆ తొండం పువ్వులలోని మకరందం కోసం. ఇక లెప్టోగాస్టర్ వంటి సన్నని బందిపోటు ఈగలను చూసి తూనీగ పిల్ల అనుకునేవారు ఉన్నారు. రెక్కలు లెక్కపెడితే ఆ భ్రమ తొలగుతుంది. తూనీగకు నాలుగు, ఈగకు రెండే.

కుటుంబం నిశ్చయమైన తరువాత ఉపకుటుంబం. ఇక్కడ ఛాయాచిత్రం నిజంగా బాగా పనికివస్తుంది. మన దృష్టి రెక్కమీద నిలపాలి. ఆకుకు ఈనెలు ఉన్నట్లే ఈగ రెక్కకూ ఈనెలు ఉంటాయి. అవి రెక్కను చిన్న చిన్న గడులుగా విభజిస్తాయి. రెక్క ముందంచు వెంబడి ఉండే ఒక పొడుగాటి గడి కొన్ని ఉపకుటుంబాలలో అంచుకు చేరకముందే మూసుకుపోతుంది, మరికొన్నిటిలో అంచువరకు తెరిచే ఉంటుంది. మూసుకుపోతే అసిలినే, లాఫ్రినే వంటివి. తెరిచి ఉంటే సాధారణంగా స్టెనోపోగోనినే, డాసిపోగోనినే వంటివి. పైనుండి, రెక్కలు స్పష్టంగా కనిపించేలా తీసిన ఒక్క చిత్రం ఉంటే సగానికి సగం ఈగలను పక్కకు పెట్టవచ్చునన్నమాట. ముంగాలి పిక్క చివర వంకర ముల్లు ఒకటి ఉంటే అది డాసిపోగోనినే అనటానికి గట్టి ఆధారం. లెప్టోగాస్టర్ బంధువులకు గోళ్ళ కింద ఉండవలసిన మెత్తలు ఉండవు, అందుచేత అవి గడ్డిపరకలను కొక్కేలతో పట్టుకున్నట్లు వేలాడతాయి. ఓమాటియస్ ప్రజాతిలో స్పర్శశృంగం చివరి సన్నని తంతువుకు ఈకలా వెంట్రుకలు ఉంటాయి. ప్రక్కనుండి దగ్గరగా తీస్తే అది ఒక్కటే చాలు. ప్రోమాకస్ అనే పెద్ద ఈగల రెక్క కొసన, మిగతావాటికి రెండు గడులు ఉండే చోట, మూడు ఉంటాయి. వీటిలో చాలా జాతుల మగవాటికి ఉదరం చివర వెండిలా మెరిసే తెల్లని కుచ్చు ఉంటుంది. నది ఒడ్డున ఇసుకమీద కూర్చొనే బూడిదరంగు చిన్న ఈగ స్టికోపోగాన్ కావచ్చు. పేడకుప్ప మీద కాపు వేసి, అక్కడికి వచ్చే పేడపురుగులను పట్టేది హోప్లిస్టోమెరస్ కావచ్చు. కూర్చున్న చోటు కూడా ఒక ఆనవాలే.

వీటన్నిటిలోనూ తెలుగువారికి ప్రత్యేకంగా నచ్చవలసినది హైపెరెకియా. మన కవులు తుమ్మెద మీద ఎంత ప్రేమ చూపారో చెప్పనవసరం లేదు. ఎండుకొయ్యను తొలిచి గూడు కట్టే ఆ పెద్ద నల్లని తేనెటీగను శాస్త్రజ్ఞులు జైలోకోపా అంటారు. ఆఫ్రికాలో ఈ ప్రజాతికి చెందిన జాతులు చాలా ఉన్నాయి. కొన్ని నిగనిగలాడే నలుపు, కొన్నిటికి వీపుమీద పసుపు పట్టీలు. హైపెరెకియా ఈగ ఆ తుమ్మెదకు అచ్చుగుద్దినట్లు ఉంటుంది: అదే బొద్దుతనం, అదే బొచ్చు, అవే పొగచూరినట్టున్న రెక్కలు. ఎగిరేటప్పుడు చేసే ఝంకారం కూడా దాదాపు అదే. ఈ మారువేషం వెనుక కథ ఇంకా ఉంది. హైపెరెకియా డింభకాలు తుమ్మెద తొలిచిన కొయ్య సొరంగాలలోనే పెరుగుతాయి, తుమ్మెద పిల్లలనే తింటాయి. తుమ్మెద కుట్టుతుందని ఎరిగిన పక్షులనుండి రక్షణ కోసమే ఈ వేషమని కొందరు, తుమ్మెదల ఇంటిలో దూరటానికి ఇది పనికివస్తుందని మరికొందరు వాదించారు. నాకు మొదటి వాదమే ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది. చీకటి సొరంగంలో రంగు ఎవరికి కనిపిస్తుంది?

ఛాయాచిత్రంలో వీటిని విడదీయటం కష్టం కాదు, కాకపోతే తొందరపడకూడదు. తుమ్మెద స్పర్శశృంగాలు పొడవుగా, మోచేయిలా వంగి ఉంటాయి. ఈగవి పొట్టిగా, రెండు మూడు ముక్కలుగా ముందుకు నిలబడి ఉంటాయి. తుమ్మెద కళ్ళు తలకు ఇరుప్రక్కల కోలగా ఉంటాయి. ఈగ కళ్ళు ముందుకు ఉబ్బి, నడుమ లోయతో ఉంటాయి. ముఖాన మీసం ఉంటే ఇక చెప్పనే అక్కరలేదు. రెక్కల లెక్క ఇక్కడ అంత ఉపయోగపడదు. తుమ్మెద ముందు రెక్క, వెనుక రెక్క చిన్న కొక్కేలతో తగులుకొని ఒకటిగా కనిపిస్తాయి కనుక చిత్రంలో రెండే ఉన్నట్లు తోచవచ్చు.

ఇంతవరకు అంతా సుఖమే. ఇక నియోలోఫోనోటస్ దగ్గరికి వద్దాం. దక్షిణాఫ్రికాలో మీ కెమెరాకు చిక్కిన బందిపోటు ఈగ బూడిదరంగులో, మధ్యరకం పరిమాణంలో, వక్షం వెన్నుమీద జూలులా నిక్కపొడుచుకున్న వెంట్రుకలతో ఉంటే అది ఈ ప్రజాతికి చెందినది కావటానికి చాలా అవకాశం ఉంది. ఈ ప్రజాతిలో రెండు వందలకు పైగా జాతులు ఉన్నాయి. అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. పీటర్‌మరిట్స్‌బర్గ్ పట్టణంలోని నాటాల్ మ్యూజియంలో (ఇప్పుడు క్వాజులు-నాటాల్ మ్యూజియం) పనిచేసిన జేసన్ లాంట్ 1970ల నుండి ఆఫ్రికా బందిపోటు ఈగల మీద వరుసగా వ్యాసాలు ప్రకటించారు. వాటిలో ఒక పెద్ద భాగాన్ని, 1980ల నడుమ కొన్ని సంవత్సరాలను, ఈ ఒక్క ప్రజాతిని చక్కబెట్టటానికే వెచ్చించవలసి వచ్చింది. ఆయన ఈ జాతులను విడదీసింది రంగుతో కాదు, పరిమాణంతో కాదు. మగ ఈగ ఉదరం చివర ఉండే జననాంగాల నిర్మాణంతో.

ఆ పని ఎలా చేస్తారో తెలిస్తే ఛాయాచిత్రం పరిమితి వెంటనే అర్థమవుతుంది. ఎండిన నమూనా ఉదరం కొసను వేరుచేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడిచేస్తారు. కండరాలు కరిగిపోయి గట్టి పెంకు భాగాలు మాత్రమే మిగులుతాయి. వాటిని గ్లిసరిన్ బొట్టులో ఉంచి సూక్ష్మదర్శిని కింద అన్ని వైపులకూ తిప్పి చూస్తారు. ఒక జాతిలో ఒక పలక కొస చీలి ఉంటుంది, పక్క జాతిలో గుండ్రంగా ఉంటుంది. ఒకదానిలో లోపలి కొక్కెం పైకి వంగుతుంది, మరొకదానిలో కిందికి. ఈ భాగాలలో చాలావరకు బ్రతికి ఉన్న ఈగలో లోపలికి ముడుచుకొని ఉంటాయి. కెమెరా కటకం ఎంత ఖరీదైనదైనా అక్కడికి చేరదు. ఆడ ఈగల సంగతి ఇంకా కష్టం. మగవాటి ఆధారంగా వ్రాసిన సూచికలో ఆడదానికి చోటు ఉండదు. అందుకనే జతకట్టిన జంటకు ఎంతో విలువ. ఆ జంటలోని మగదానిని గుర్తిస్తే ఆడదాని జాతి కూడా తెలిసినట్లే. ఒక హెచ్చరిక. రెండు బందిపోటు ఈగలు ఒకేచోట కనిపించినంత మాత్రాన జంట అనుకోరాదు. ఉదరాల కొసలు కలిసి, ముఖాలు వ్యతిరేక దిశలలో ఉంటే అది సంగమం. ఒకదాని తొండం మరొకదాని మెడలో దిగి ఉంటే అది భోజనం. ఈ కుటుంబంలో రెండూ మామూలే.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి, ఎందుకంటే జాతి పేరు అంటే నిఘంటువులో మాట వంటిది కాదు. ప్రతి పేరూ ఎక్కడో ఒక మ్యూజియం సొరుగులో పిన్నుకు గుచ్చి ఉన్న ఒక ప్రత్యేకమైన ఈగకు కట్టుబడి ఉంటుంది. దానిని ఆధార నమూనా అందాం. దక్షిణాఫ్రికా ఈగల విషయంలో ఆ సొరుగులు చాలావరకు ఐరోపాలో ఉన్నాయి. స్వీడన్ దేశస్థుడు యోహాన్ ఆగస్ట్ వాల్‌బెర్గ్ 1838 నుండి ఈ ప్రాంతాలలో సంచరించి వేలకొద్దీ కీటకాలను సేకరించి స్టాక్‌హోమ్‌కు పంపాడు. రెండవసారి వచ్చినప్పుడు, 1856లో, ఇప్పటి బోట్స్‌వానా ప్రాంతంలో గాయపడిన ఏనుగు దాడిలో మరణించాడు. ఆయన సేకరించిన ఈగలను అధ్యయనం చేసినవాడు హెర్మన్ లోవ్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు. ఐరోపాలో ఉండి, పిన్నులకు గుచ్చిన ఎండు ఈగలను భూతద్దంతో చూస్తూ, 1858లో కొన్నిటిని, 1860లో దక్షిణాఫ్రికా ఈగల మీద ఒక పెద్ద గ్రంథంలో మరెన్నిటినో వర్ణించాడు. ఆ 1860 నవంబరు 16వ తేదీననే మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో ఓడ డర్బన్ రేవుకు చేరింది. చెరకు తోటలకు కూలీలుగా వచ్చిన మన పూర్వులలో మొదటివారు ఆ ఓడలోనే దిగారు. ఆ చెరకు నాటటానికి తీరప్రాంతపు అడవులను, గడ్డిమైదానాలను నరికి దున్నారు. లోవ్ పేర్లు పెట్టిన కాలంలో ఆ నేలమీద ఎగిరిన ఈగలలో ఏవి ఈనాడు మిగిలి ఉన్నాయి, ఏవి కొండల వైపు తొలగిపోయాయి అన్నది చెప్పాలంటే ప్రతి ఈగకూ సరైన పేరు, సరైన స్థలం, సరైన తేదీ కావాలి. తప్పు పేరుతో ఒక్క చిత్రం పటంలోకి ఎక్కితే, లేని చోట ఒక జాతి ఉన్నట్లు, నిజంగా తగ్గిపోతున్న జాతి క్షేమంగా ఉన్నట్లు లెక్క తేలుతుంది.

ఛాయాచిత్రాలే ఆధారంగా కొత్త జాతికి పేరు పెట్టవచ్చునా అన్న వివాదం తీవ్రరూపం దాల్చింది కూడా ఒక దక్షిణాఫ్రికా ఈగ మూలంగానే. 2015లో కెనడాకు చెందిన స్టీఫెన్ మార్షల్, హవాయికి చెందిన నీల్ ఈవెన్‌హ్యూస్ మార్లేయిమియా జైలోకోపే అనే కొత్త జాతిని ప్రకటించారు. అది బందిపోటు ఈగ కాదు, బాంబిలిడే కుటుంబానికి చెందినది. కాని అది కూడా తుమ్మెదను పోలిన ఈగే, దాని పేరులోనే ఆ సంగతి ఉంది. వారి చేతిలో నమూనా లేదు, ఛాయాచిత్రాలు మాత్రమే ఉన్నాయి. నామకరణ నియమావళి ప్రకారం ఇది నిషిద్ధం కాదు. చిత్రాన్ని ఆధారంగా చూపినప్పుడు, ఆధార నమూనా ఆ చిత్రం కాదు, చిత్రంలో కనిపించే ప్రాణి అని నియమం. ఆ ప్రాణి ఎగిరిపోయినా సరే! న్యాయశాస్త్రం చదివినవారికి ఈ వాదం ముచ్చటగా ఉండవచ్చు గాని, వర్గీకరణ శాస్త్రజ్ఞులలో చాలామందికి నచ్చలేదు. 2016లో దాదాపు అయిదు వందల మంది సంతకాలతో ఒక నిరసన వ్యాసం వెలువడింది. 2017లో అంతర్జాతీయ జంతు నామకరణ సంఘం, నమూనా భద్రపరచకుండా పేరు పెట్టేవారు ఎందుకు అలా చేయవలసి వచ్చిందో సవివరంగా చెప్పాలని సిఫారసులు చేర్చింది. నిషేధం మాత్రం విధించలేదు.

ఈ వాదంలో ఎవరి పక్షం వహించాలి? మార్షల్, ఈవెన్‌హ్యూస్‌ల ఈగ ఎంత విలక్షణమైనదంటే దానిని మరొకదానిగా పొరబడే ప్రమాదం తక్కువ. అటువంటి సందర్భంలో వారు చేసినది నాకు తప్పుగా తోచలేదు. కాని అదే పద్ధతిని నియోలోఫోనోటస్‌కు వర్తింపజేస్తే శాస్త్రం అల్లకల్లోలమవుతుంది. రెండు వందల అన్నదమ్ములలో ఒకరిని మసక చిత్రంలో చూసి కొత్త పేరు పెడితే, ఆ పేరు ఎవరిదో తేల్చటానికి తరువాతి తరం వారికి ఏ ఆధారమూ మిగలదు. నూటయాభై ఏళ్ళ కింద లోవ్ చూసిన ఈగను ఈనాటికీ సొరుగు తెరిచి మళ్ళీ చూడవచ్చు, అవసరమైతే దాని కాలు ముక్కనుండి జన్యుపదార్థాన్ని తీయటానికి ప్రయత్నించవచ్చు. ఛాయాచిత్రాన్ని ఎంత పెద్దదిగా చేసినా చుక్కలే మిగులుతాయి.

అలాగని ప్రతివారూ వల పట్టుకొని బయలుదేరమని కాదు. అభయారణ్యాలలో అనుమతి లేకుండా ఈగను కూడా పట్టరాదు. మనవంటివారికి కెమెరాయే తగిన సాధనం, అందులోనూ ఒక్క చిత్రంతో తృప్తిపడకుండా ఉండాలి. అందమైన చిత్రం వేరు, పనికివచ్చే చిత్రం వేరు. నేపథ్యమంతా మసకబారి, ఈగ కళ్ళు మాత్రం రత్నాల్లా మెరిసే చిత్రం క్యాలెండరుకు బాగుంటుంది. గుర్తించేవారికి ముఖం ప్రక్కనుండి ఒకటి, రెక్కలు పైనుండి ఒకటి, కాళ్ళు కనిపించేలా ఒకటి, ఉదరం కొస దగ్గరగా ఒకటి కావాలి. బందిపోటు ఈగలో ఒక సుగుణం ఉంది. బెదిరి ఎగిరిపోయినా తరచు మళ్ళీ అదే కొమ్మకు వస్తుంది. కనుక కదలకుండా రెండు నిమిషాలు నిలబడగలిగితే నాలుగు వైపులా తీసుకోవచ్చు. నోట ఎర ఉంటే దానినీ స్పష్టంగా తీయాలి. మ్యూజియం నమూనాలలో ఎరతో సహా దొరికినవి కొద్ది. ఏ జాతి ఏమి తింటుందన్న విషయంలో ఛాయాచిత్రాలు నమూనాలను మించిపోగలవు. స్థలం, తేదీ, నేల స్వభావం — ఇసుకా, గడ్డా, ఎండు మానా — వ్రాసి పెట్టుకోవాలి. ఈనాటి సెల్‌ఫోన్లు మొదటి రెండింటినీ తామే నమోదు చేస్తాయి, మూడవది మనమే చేయాలి.

ఇక కంప్యూటరు చెప్పే పేర్లు. చిత్రాన్ని చూపగానే పేరు చెప్పే సాధనాలు ఈ రోజులలో అందరికీ అందుబాటులో ఉన్నాయి. సింహాన్ని చూసి సింహమనటంలో అవి పొరపడవు. బందిపోటు ఈగల విషయంలో జాగ్రత్త అవసరం. అవి తమకు ముందుగా చూపిన చిత్రాలలో పోలికలు వెదుకుతాయి. అమెరికా, ఐరోపా ఈగల చిత్రాలు ఎక్కువగా చూపి, ఆఫ్రికా ఈగలవి తక్కువ చూపితే, డర్బన్ పెరటిలోని ఈగకు టెక్సాస్ ఈగ పేరు చెప్పే ప్రమాదం ఉంది. అది చెప్పిన జాతి పేరును అలాగే వ్రాసుకోవటంకన్నా, నడినెత్తి లోయను, రెక్క గడులను మన కళ్ళతో చూసి ప్రజాతి వద్ద ఆగిపోవటం మేలు. "నియోలోఫోనోటస్, జాతి నిర్ణయం కాలేదు" అన్న చీటీ మ్యూజియం సొరుగులలో కోకొల్లలు. దానిలో చిన్నతనమేమీ లేదు. చదవదలచినవారికి 2017లో వెలువడిన ఆఫ్రికా ద్విపక్ష కీటకాల కరదీపిక రెండవ సంపుటంలో లాంట్, స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన టోర్స్టన్ డికోవ్ కలిసి వ్రాసిన అధ్యాయం ఉంది. ప్రజాతివరకు దారి చూపటానికి అంతకన్నా మంచి సాధనం లేదు.

చివరగా ఒక ఈగను గురించి చెప్పి విరమిస్తాను. లోవ్ 1858లో పేరు పెట్టిన ప్రజాతులలో పెగెసిమాలస్ ఒకటి. దానిలోని కొన్ని జాతుల మగ ఈగలకు వెనుక కాళ్ళమీద నల్లని కుచ్చులు ఉంటాయి. ఒక జాతిలోనైతే అవి పక్షి ఈకలంత వెడల్పుగా విచ్చుకొని, కాళ్ళకు జెండాలు కట్టినట్లు కనిపిస్తాయి. ఆడవాటికి అవి లేవు. పిన్నుకు గుచ్చిన నమూనాలో ఆ కుచ్చులోని ప్రతి వెంట్రుకనూ లెక్కపెట్టవచ్చు. కాని ఆ మగ ఈగ ఆడదాని ముందు వాటిని ఎలా ఆడిస్తుందో సొరుగులో కనిపించదు. రాబోయే వర్షాకాలంలో, పొదల నడుమ, వెనుక కాళ్ళు బరువుగా వేలాడదీసుకొని ఎగిరే నల్లని ఈగ మీ కంటపడితే, చిత్రం తీయటం కాసేపు ఆపి, సెల్‌ఫోనులో వీడియో మీట నొక్కండి.